పెద్ద డోలు

బల్లమీద దరువు వేసింది రెండుసార్లే. అంతలోనే లీలమ్మ చేతిమీద అత్త చేయి పడింది.

జడ్చర్ల గుడిలో క్రిస్మస్ పాటల సాధన జరుగుతోంది. లీలమ్మ కొత్త కోడలు, పైగా కాలేజీలో చదివింది. ఆడవాళ్ల వరుసంతా ఆమెనే చూస్తోంది. గొర్రెలకాపరుల పాట అందుకోగానే హుషారు ఆగక బల్లమీద వేళ్లు ఆడించింది.

"దరువులు బయట పెట్టుకో బిడ్డా. గుళ్లె పాట పాట లెక్కనే ఉండాలె," అంది అత్త మార్తమ్మ.

వరుసంతా నవ్వింది. పాట అయ్యేదాకా అత్త ఆ చేతిని వదల్లేదు.

ఇంటికొచ్చి మొగుడికి అన్నం వడ్డిస్తూ లీలమ్మ శపథం చేసింది.

"పండుగనాడు గదే పాట. ఊరంత సూస్తుంటె అత్తమ్మ గొంతు ముంచేస్త."

"ఎట్ల?" అన్నాడు సామేలు.

"మీ ఫిడేలు. సన్నాయిలు, కొమ్ములు, డోళ్లు. పాట గుట్టంత కావాలె. అత్తమ్మ గొంతు అండ్ల దోమ రొద అయితది."

సామేలు ముద్ద కలుపుకున్నాడు. "డోళ్లోళ్లు నాకు ఎరుకే," అన్నాడు.

మర్నాడు సామేలు తొక్కే సైకిలు ముందు కడ్డీమీద కూర్చుని బయలుదేరింది. దారిపొడుగునా గంట కొట్టడం ఆమె పని. ఆ సంబరంలో ఒకటి రెండుసార్లు పగ సంగతే మరిచిపోయి, నాలుక కరుచుకుని మళ్లీ గుర్తు తెచ్చుకుంది.

గొర్రెల మంద వెనుక డోళ్లవాళ్ల పెద్ద కురుమయ్య ఎదురొచ్చాడు. విషయం విని గొంగడి సర్దుకున్నాడు.

"మా కులదేవుడు బీరప్ప ముంగట కొట్టే డోలు. యేసు పాటకు కొడితే మీవోళ్లు ఊకుంటరా?"

"పాస్టరుగారు సరే అన్నరు. గుడి ముంగట పందిట్ల కొట్టుడు. పాటేమో గొర్లకాపర్లది. మీ డోలు లేకుంటె ఎట్ల?" అంది లీలమ్మ.

కురుమయ్య సామేలును ఓరగా చూసి నవ్వాడు. "గట్లయితె వస్తం. అందరం వస్తం. ఒక్క పెద్ద డోలుకే మనిషి లేడు. అది మా అక్క బీరమ్మది. కొడుకులం మేముండంగ నాయిన ఆమెకే నేర్పిండు. ఆమె కొడితే గొర్లు మేత మానేటియి. నిజాం జమానల లగ్గమైంది. అత్త ముట్టనియ్యలే. అంతే, ఇడిసిపెట్టింది."

లీలమ్మ కళ్లు మండాయి. "అత్తలందరు గింతే. అది గూడ తెండ్రి. మీ అక్క పగ గూడ నేనే తీరుస్త."

సామేలు గొర్రెపిల్ల చెవి నిమురుతూ తలెత్తలేదు. "తీసుకరా మామా," అన్నాడు మెల్లగా.

పండుగ వచ్చింది. పందిరి నిండా జనం. మార్తమ్మ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. మొదటి చరణం నెమ్మదిగా, ఫిడేలు తోడుగా సాగింది. గొర్రెలకాపరుల చరణం రాగానే లీలమ్మ తల ఊపింది.

సన్నాయిలు లేచాయి. కొమ్ములు పలికాయి. డోళ్లన్నీ ఒక్కసారి విరుచుకుపడ్డాయి. పందిరి గుంజలు అదిరాయి. కాగితపు నక్షత్రాలు ఊగిపోయాయి. తాతల నాటి చిన్న పాట గుట్టంత అయి జనం మీదికి నడిచొచ్చింది. అత్త గొంతు అందులో మునిగిపోయింది.

లీలమ్మ వెంటనే తిరగలేదు. అత్త ముఖం చూడటాన్ని మిఠాయిలా కొంచెంసేపు దాచుకుంది. తర్వాత మెల్లగా తిరిగింది.

అత్త చోటు ఖాళీగా ఉంది.

అవమానం తట్టుకోలేక వెళ్లిపోయి ఉంటుంది. ఇక ఈ గుళ్లో తన చేయి పట్టుకునేవాళ్లు లేరు. లీలమ్మకు నవ్వొచ్చింది.

అప్పుడు వెనుక నుంచి ఒక దెబ్బ పడింది. మిగతా డోళ్లన్నీ దానికి దారిచ్చి, దాని వెంటే నడిచాయి. ఆ మోతకు లీలమ్మ గిరుక్కున తిరిగింది.

డోళ్ల నడుమ, కొంగు నడుముకు చెక్కి, పెద్ద డోలు మెడకేసుకుని మోగిస్తోంది, బాప్తిస్మంతో మార్తమ్మ అయిన బీరమ్మ.