ఒక్క లైను ముందు

"ఇక మీ సంతకం ఒక్కటే మిగిలింది," అంటూ డైరెక్టరు నివేదికను బల్ల మీద పెద్దాయన ముందుకు జరిపాడు.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. ఆరు రోజుల కిందట ఒక ఆసుపత్రిలో వాళ్ల కంపెనీ శ్వాసయంత్రం నలభై సెకన్లు ఆగిపోయింది. రోగి చనిపోయాడు. పేరు ఆసుపత్రివాళ్లు చెప్పలేదు, యంత్రం నంబరు మాత్రం ఇచ్చారు. గాలి మోటారును నడిపే ప్రోగ్రాం ఆగిపోవడం వల్లే ఇదంతా జరిగిందనీ, అది రాసిన అమ్మాయిని ఉద్యోగంలోంచి తీసేస్తున్నామనీ నివేదిక సారాంశం.

ఆ అమ్మాయి బల్లకు అటు చివర కూర్చుని ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచీ సెలవులో ఉండి ఆ ఉదయమే వచ్చింది. భయపడి ముఖం చాటేసిందని ఆఫీసులో అందరూ అనుకున్నారు. చెప్పుకునేది ఏమైనా ఉందా అని డైరెక్టరు అడిగితే, తల దించుకునే, ఏమీ లేదంది. మౌనం అర్ధాంగీకారమంటారు. ఈ పిల్ల నోరు తెరిచి మరీ అంగీకరించినట్టుంది.

"ఒక గంట ఇవ్వండి. యంత్రంలోని గుర్తులు చూసి పెడతాను," అన్నాడు పెద్దాయన.

ఆఫీసులో ఆయన్ని ద్వారపాలకుడు అంటారు, అదీ మొహం మీదే. ఆయన పని అలాంటిది. ప్రాసెసర్ ఒక క్షణం బయట ఉండి మామూలు ప్రోగ్రాముల పని చేస్తుంది. మరుక్షణం లోపలికి, అంటే యంత్రాన్నంతటినీ ఏలే కెర్నెల్ అనే మూల ప్రోగ్రాంలోకి వెళ్తుంది. అక్కడ దానికి సర్వాధికారాలూ ఉంటాయి. సెకనుకు వేలసార్లు ఈ రాకపోకలు. గడప దాటిన ప్రతిసారీ 'లోపల' అనో 'బయట' అనో గుర్తు వేసే కోడు ఆయన రాసిందే. ఆ గుర్తును నమ్ముకుని ఇంకో కోడు పనిచేస్తుంది. లోపల ఎవరూ లేరని తేలితేనే అది చీపురు పట్టుకుని పాత సమాచారాన్ని తుడిచేస్తుంది. గుర్తు అబద్ధమాడిందా, వాడుకలో ఉన్నదాన్నే ఊడ్చేస్తుంది. పదకొండేళ్లుగా తన గుర్తు అబద్ధమాడలేదని ఆయనకు గర్వం. కొత్తవాళ్లు ఎవరైనా ఆ కోడు జోలికి వస్తే, కొరివితో తల గోక్కోకు నాయనా అని నవ్వుతూ పంపేసేవాడు.

తన గదిలో కూర్చుని, ఆగిన యంత్రంలోంచి తీసిన గుర్తుల్ని తెర మీద పరిచాడు. లోపల, బయట, లోపల, బయట. వేలు పెట్టి చూసుకుంటూ వచ్చి చివరి గుర్తు దగ్గర ఆగాడు. 'బయట' అని ఉంది. ఆ వెంటనే తుడుపు జరిగింది. ఆ తర్వాత, తుడిచేసిన చోటును ప్రాసెసర్ ముట్టుకుంది. బయట ఉన్నది లోపలి వస్తువును ఎలా ముట్టుకుంటుంది?

తన కోడు తెరిచాడు. పోయిన ఏడాది, కాస్త వేగం పెరుగుతుందని, ఆయనే ఒక లైను పైకి జరిపాడు. అప్పటినుంచీ లోపల ఇంకొక్క పని మిగిలి ఉండగానే 'బయట' అని గుర్తు పడుతోంది. సరిగ్గా ఆ సందులో తుడుపు రావడమంటే కోట్లలో ఒకసారి. ఆ ఒకసారి వచ్చింది. అమ్మాయి ప్రోగ్రాం పాపం ఏమీ ఎరగదు, కాళ్ల కింది నేలే మాయమైతే అది మాత్రం ఎలా నిలబడుతుంది? కంచే చేను మేసింది.

ఆయన రిటైరవడానికి ఇంకా మూడు నెలలుంది. సంతకం పెట్టేసి, ఆ లైనును చడీచప్పుడు లేకుండా కిందికి దించేసి, కొత్త మోటారు ప్రోగ్రాంతో కలిపి వార్డుల్లోని యంత్రాలన్నిటికీ పంపేస్తే? ఇంకెవరి ప్రాణానికీ భయం ఉండదు, తన పరువూ దక్కుతుంది. పిల్ల చిన్నది, చురుకైనది. ఈ కంపెనీ కాకపోతే ఇంకోటి. పోయేది ఉద్యోగమేగా.

ఏం చెయ్యాలో తోచక ఇంటికి ఫోన్ చేసి, భోజనం చేశావా అని భార్యను అడిగాడు.

"పొద్దున్న పదకొండింటికి భోజనమేమిటండీ? ఏమైంది?"

"ఒక తప్పు దొరికింది."

"దొరికితే మంచిదేగా. ఎవరిదట?"

ఆయన ఫోన్ పెట్టేశాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆవిడకు అబద్ధం చెప్పలేదు, ఇప్పుడూ నోరు రాలేదు. తెర ఆర్పేసి లేచాడు.

మీటింగు గదిలో నివేదికను వెనక్కి నెట్టి, "తప్పు ఈ అమ్మాయిది కాదండీ, నాది," అన్నాడు. ఏ లైను, ఏ రోజు జరిపాడు, ఎందుకు జరిపాడు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. డైరెక్టరు ముఖంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. ఆసుపత్రులన్నిటికీ కబురు పెట్టాలంటూ ఫోన్ పట్టుకుని బయటికి పరిగెత్తాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన వెళ్లి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. చెప్పకుండా దాచేద్దామని తాను కాసేపు ఆలోచించిన మాట కూడా దాచకుండా చెప్పాడు.

"నన్ను క్షమించు తల్లీ. నువ్వు రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు."

ఆమె మొదటిసారి తలెత్తింది. ఆయన చెప్పిన మాటల్లో చివరిది విన్నట్టే లేదు. రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుంది.

"అయితే... మా నాన్నను చంపింది నేను కాదా, సార్?"