సున్నపు గీతల ఇల్లు

"ఇక్కడ కారు షెడ్డు," అన్నాడు పెద్దకొడుకు, స్థలం మూలనున్న పాత బావిని చూపిస్తూ.

మేస్త్రీ సున్నం తట్ట పట్టుకుని ఆగిపోయాడు. కోడలు మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"మనకి సైకిలు కూడా లేదు కదండీ. షెడ్డులో ఏం పెడతారు, మీ కోపాన్నా?"

"తర్వాత కొనుక్కుంటాం. ముందు గీత వెయ్యవయ్యా."

ఆ మేస్త్రీ పని పద్ధతే అంత. కాగితం మీది ఇల్లు ఎవరికీ అర్థం కాదని, అసలు కొలతలతో నేలమీదే సున్నంతో గీసేస్తాడు. ఇంటిల్లిపాదీ ఆ గీతల మధ్య తిరిగి చూసుకోవాలి. నచ్చకపోతే చెప్పుతో చెరిపేసుకోవాలి. గోడ లేచాక గునపం కావాలి, ఇప్పుడైతే చెప్పు చాలంటాడు. ఈ కుటుంబం పొద్దుటినుంచి చెరిపిన సున్నంతో ఓ చిన్న ఊరికి వెల్ల వేయొచ్చు. వంటగది నాలుగు దిక్కులూ తిరిగి తిరిగి, కాళ్ళు నొప్పెట్టి మొదటి చోటే కూలబడింది. మనవరాలు తన గదికి పెట్టించుకున్న కిటికీ ఎంత పెద్దదంటే, అందులోంచి ఇల్లే బయటికి నడిచి వెళ్ళిపోవచ్చు.

ముసలమ్మ ఒక్కతే ఏ గదిలోకీ రాలేదు. బావి మీద రాతి బండ ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ దానిమీదే కూర్చుంది. ఆ ఎండకి బండ మీద గుడ్డు కొడితే వేగిపోయేది. పక్కనే చెట్టు నీడ ఖాళీగా పడుంది.

"అమ్మా, నీడలోకి రా," అని కొడుకు పిలవడం అది మూడోసారి.

"నాకిక్కడే బాగుంది."

మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "సార్, షెడ్డు కన్నా బావి పూడిక తీయించుకోవడం మేలు. నీళ్ళు పడతాయి. మొదటిసారి స్థలం చూడ్డానికి వచ్చినప్పుడు మీ తమ్ముడుగారు కూడా అదే అన్నారు. అప్పుడీ బండ లేదు."

"పిల్లలెవరైనా పడతారని నేనే వేయించాను. పూడిక తీసేది లేదు. నిండా మట్టి కొట్టించి, పైన కాంక్రీటు పోయించు."

"తమ్ముడుగారిని ఓ మాట అడిగితే..."

"వాడు ఆ సాయంత్రమే నాతో గొడవపడి బస్సెక్కి పోయాడు. వాణ్ణి అడిగేదేమిటి?"

"నా మాట విన్నారా, మా మరిది మాట వినడానికి?" అంది కోడలు మేస్త్రీతో. "బడి పక్కన బంగారంలాంటి స్థలం ఉందని బ్రోకరు చూపించాడు. ఈయన వద్దని, పట్టుబట్టి ఈ గొయ్యి ఉన్నదే కొన్నారు. ఇప్పుడు ఆ గోతికి మూత వేయడానికి కారు కొంటారట."

మనవరాలు కిసుక్కున నవ్వింది. పెద్దకొడుకు నవ్వలేదు.

"ఒరేయ్," అంది ముసలమ్మ. "చిన్నోడి గది ఏదిరా?"

అందరూ ఎక్కడి గీతల మధ్య అక్కడే ఆగిపోయారు. చెప్పులు విడిచే చోటు గురించి కూడా అరగంట వాదించుకున్నారు గానీ, ఈ సంగతి ఎవరికీ తట్టలేదు.

"వస్తే హాల్లో పడుకుంటాడులే అమ్మా."

"నెలనెలా నీకు ఫోన్ చేస్తున్నాడన్నావు. ఇల్లు పూర్తయ్యేసరికి వచ్చేస్తాడన్నావు. చెప్పులకి చోటుంది, కోళ్ళకి గూడుంది, లేని కారుకి షెడ్డుంది. నా కొడుకు హాల్లో పడుకోవాలా?"

"స్థలం చాలొద్దూ?"

"ఈ షెడ్డు తీసేసి వాడికి గది కట్టు."

"అక్కడ కుదరదు. పూడ్చిన బావి మీద నేల కుంగుతుంది. చెప్పవయ్యా."

"కుంగుతుందమ్మా," అన్నాడు మేస్త్రీ. డబ్బులిచ్చేవాడికీ నిజానికీ మధ్య కాసేపు నలిగి, "షెడ్డయినా కుంగుతుంది," అని కూడా అన్నాడు.

"పట్టుకుంటే వదలవేమిటమ్మా? వాడు రాడు," అన్నాడు పెద్దకొడుకు విసురుగా.

మాట జారాక, దాన్ని కూడా చెరిపేద్దామన్నట్టు చెప్పుతో నేలను రాశాడు. "అంటే, ఇప్పట్లో రాడు."

ముసలమ్మ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. అతను మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ తట్టలోకి చూశాడు.

"సరే. వాడికి వేరే గది వద్దులే," అందామె చివరికి.

పెద్దకొడుకు గట్టిగా ఊపిరి వదిలాడు.

ముసలమ్మ మోకాళ్ళ మీద చేతులూని లేచింది. మేస్త్రీ దగ్గర తట్ట అందుకుంది. బండ చుట్టూ వంగి, పిడికిట్లోంచి సున్నం జారవిడుస్తూ నాలుగు గోడలు గీసింది. ఓ పక్కన గుమ్మానికి ఖాళీ వదిలింది.

"ఇది ఎవరి గది నానమ్మా?" అంది మనవరాలు.

"నాది."

"నీ గది అక్కడ కదా, వంటగది పక్కన."

"అది సామాన్లకి వాడుకోండి. నా మంచం ఇక్కడే, సరిగ్గా ఈ బండ మీదే."

పెద్దకొడుకు మొహం నేలమీది గీతల రంగుకి తిరిగింది. "నీకేమైనా మతి పోయిందా అమ్మా? ఇంత ఇల్లు పెట్టుకుని బావి మీద పడుకుంటావా?"

బండ మీద చిందిన సున్నాన్ని ముసలమ్మ కొంగుతో తుడిచింది, పసివాడి మూతి తుడిచినట్టు.

"తప్పదురా. చిన్నోడికి ఒక్కడే పడుకోవాలంటే చిన్నప్పట్నుంచీ భయం."