ముంతలో మిగిలిన అంబలి

నా చేతికి అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే దిద్దుకుని చదవండి. ఈ కొంచెం రాయడానికే నాకు చాలా పొద్దులు పట్టింది.

"రెండు మందులూ కలిపి మింగించావు కదూ?" అన్నాడు డాక్టరు జానమ్మతో, ఆమె మొగుడు పర్వతాలు కింది కనురెప్పను వేలితో లాగి చూస్తూ.

జానమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. చీకటితోనే లేచి, మందను తోడికోడలికి అప్పజెప్పి, నందికొండ ఆనకట్టకు సిమెంటు దించి ఖాళీగా తిరిగివచ్చే లారీలో మొగుణ్ని కూర్చోబెట్టుకుని తాలూకా దవాఖానకు చేరేసరికే ఆమె కాళ్లలో సత్తువ అయిపోయింది. ఇదివరకటిలా కళ్లు బైర్లు కమ్మలేదు, అంతే.

"కలపలే సారూ. మీరు చెప్పినట్లే ఇచ్చిన. ఎర్ర గోళి పొద్దుగాల అంబలితోని. కడుపుమంటకు తెల్లమందు పగటీలి, గొర్లు ఎండకు తలకాయలు దాసుకునే యాళ్లకు."

"తెల్లమందు ఆ గోళీని కడుపులోనే పట్టేస్తుంది. ఒంటికి అందనివ్వదు. అందుకే రెండూ కడుపులో కలవకూడదన్నాను. నువ్వు నిజంగా ఎడం పెట్టి ఉంటే ఈపాటికి రక్తం పట్టాలి. చూడు, సున్నం కొట్టినట్టున్నాడు. పట్నం పంపి రక్తం ఎక్కించాలి. అందాకా మనిషి ఆగితే అదృష్టమే."

"పట్నం నేను పోను," అన్నాడు పర్వతాలు. "గొర్లను ఎవరు కాస్తరు? మీరొచ్చి కాస్తరా సారూ?"

"నువ్వు జర నోరు మూసుకో," అంది జానమ్మ. అరిచే ఓపిక కూడా లేక మెల్లగా అంది.

మొగుడి గురించిన భయం ఒకటే అయితే మోసేదే. కొన్నాళ్లుగా ఆమె లోపల ఇంకొకటి దాచుకుని తిరుగుతోంది. తెల్లవారుజామున చెలక వైపు దొడ్డికి వెళ్లినప్పుడల్లా ఆమెకు నల్లగా, కాటుకలా పడుతోంది. పర్వతాలుకు మొదట్లో అట్లాగే పడింది. కడుపులో పుండు నెత్తురు కారుతోందని ఈ డాక్టరే చెప్పాడు. ఆ రోగమే తనకూ తగులుకుందని జానమ్మ ఖాయం చేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఇద్దరూ మంచం పడితే గంజి ఎవరు కాస్తారు? ముందు ఈయన లేవాలి. తన సంగతి తర్వాత.

"అంబలి సరిగా తాగుతున్నాడా?" అని అడిగాడు డాక్టరు.

"యాడ తాగుతాండు సారూ. గోళి చేతిల పెడ్త. ముంత పట్టుకొని మంద కాడికి పోయి కూసుంటడు. సగం తాగి సగం ఒదిలిపెడ్తడు. మందు తినే మనిషివి, గిట్ల ఇడిస్తే ఎట్లనంటే ఇనడు."

"ఆ సగం ఏం చేస్తావు?"

"ఏం జేస్త. నేను తాగుత."

మొగుడు ముంతలో మిగిల్చింది పెళ్లాం తాగడం వాళ్ల ఇళ్లలో మామూలే. పారబోస్తే అత్త ఊరుకునేది కాదు. అత్త పోయినా అలవాటు పోలేదు.

"పాడు ముంత," అంది జానమ్మ, మాట సాగదీస్తూ. "ఈ నడుమ చిలుము వాసనొస్తాంది. చింతపండు పెట్టి తోమినా పోతలేదు."

పర్వతాలు కిటికీలోంచి బయటికి చూశాడు.

డాక్టరు అతని వైపు తిరిగాడు. "ఇప్పుడు విరేచనం ఏ రంగులో అవుతోంది? నల్లగానేనా?"

"లే సారూ. నలుపు ఎప్పుడో పోయింది. పచ్చగ, మంచిగ అయితాంది."

డాక్టరు చెవిలోని గొట్టాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అయితే నువ్వు గోళీలు మింగలేదు."

"సారూ..."

"అది ఇనుము మందు. మింగినవాళ్లకు నల్లగానే అవుతుంది. దానికి భయపడొద్దని ఆనాడే చెప్పాను నీకు. నల్లగా కాలేదంటే అది నీ కడుపులోకి పోలేదు. ఎక్కడ పారేశావు?"

జానమ్మ గోడ వదిలింది. ఇన్నాళ్లూ గుండెల మీద పెట్టుకున్న బండ జారిపోతోంది గానీ, అది ఎవరి మీద పడుతోందో కూడా కనిపిస్తోంది. మొగుడి ముందుకు వచ్చి నిలబడింది.

"గోళీలు ముంతల నలిపినవా?" అంది.

పర్వతాలు తలరుమాలు విప్పాడు. దులిపాడు. మళ్లీ చుట్టుకున్నాడు. పాలిపోయిన ఆ మొహంలో, దొరికిపోయినవాడి నవ్వు ఒకటి వచ్చి పోయింది.

"రెండూ ఒక్క కడుపుల కలవద్దని గీ సారే చెప్పె. అందుకే తెల్లది నేను తాగిన. మంద కాడ కండ్లు తిరిగి పడ్డది నువ్వే గదనే, జానీ."

— జానమ్మ, డెబ్బై ఎనిమిదేళ్లు. ఇప్పుడు మిర్యాలగూడలో, చిన్న బిడ్డ ఇంట్లో ఉంటున్నాను.