కంచెకి ముహూర్తం

"కంచెకి కరెంటు ఇవ్వకండి మహత్తయా. మూడు ఏనుగులు ఇంకా ఇటుపక్కే, చెరువు పొదల్లో ఉన్నాయి," అంటూ హీన్‌మెనికా మీటకి అడ్డం నిలబడింది. పొద్దు వాలాక అవే అడవిలోకి దాటిపోతాయని, అందాకా ఆగితే చాలని చెప్పింది. ఆ చెరువు పక్కనే ఆమె మొక్కజొన్న విరుపుకొచ్చింది. నాలుగు రోజులు నిలబడితే ఏడాది తిండి, లేకపోతే పస్తులే.

ఆ సింహళ పల్లెలో అందరూ మహత్తయా, అంటే అయ్యా, అని పిలిచే అధికారి, కంచె వేయించిన విజేకోన్, ఆమెకేసి చూడనైనా లేదు. చేతిలో పటం విప్పి ఎర్ర గీత మీద వేలు పెట్టాడు.

"దీనికి అటు ఏనుగులు, ఇటు మనుషులు. నీకు చదువు రాకపోతే నేనేం చెయ్యనక్కా?"

"ఆ గీత ఏనుగులు చూళ్ళేదుగా."

"పొద్దున పది గంటల పదిహేడు నిమిషాలకి ముహూర్తం. దాటితే మళ్ళీ పై నెలే. నీ ఏనుగులకి జాతకాలు చూపించుకు రమ్మంటావా?"

ఊరంతా నవ్వింది. పొద్దున్నే ఆ పొదల పక్కనుంచి ఊపిరి బిగబట్టి నడిచొచ్చినవాళ్ళూ నవ్వారు. అధికారి నవ్విస్తే నవ్వకపోవడం వాళ్ళ వంశంలో లేదు.

ఆమెను పక్కకి లాగేశారు. ఇత్తడి దీపం వెలిగించి, కొబ్బరిపాలతో వండిన కిరిబత్ అన్నం పంచారు. విజేకోన్ ఫొటో కోసం కంచెలో కరెంటు తీగలు లేని గేటు దాటి అడవి వైపు వెళ్ళి, మీసం సవరించుకుని నిలబడ్డాడు. సరిగ్గా పది పదిహేడుకి మీట నొక్కారు. ఆనవాయితీ తప్పకుండా టపాకాయల సరం పేల్చారు.

ఆ మోతకి ఏనుగులు పొదల్లోంచి బయటికొచ్చాయి. రోజూ నడిచే దారినే వచ్చి కొత్త గేటు ముందు ఆగాయి. జనం చేతిలో అన్నం పారేసి బడి గోడ వెనక్కి పరుగెత్తారు. విజేకోన్ అటునుంచి గేటు లాగి, గొలుసు చుట్టి, తాళం వేసేశాడు. ఇక తన ప్రాణానికి ఢోకా లేదనుకున్నాడు. ముందున్న ఏనుగు ఒక్కసారి ఘీంకరించింది. కాసేపు చూసి, మొక్కజొన్న వైపు తల తిప్పింది.

ఏనుగులకి తీగ తగలకుండా హీన్‌మెనికా వెళ్ళి మీట ఆపేసింది. కంచె వెంబడే నడిచి, గేటుకి కాస్త ఎడంగా నిలబడింది. విజేకోన్ తాళంచెవి గుప్పిట్లో బిగించి, దూరంగా పొమ్మని ఆమెకి చేత్తో సైగ చేశాడు.

"తాళం తియ్యడమా మానడమా మీ ఇష్టం మహత్తయా," అంది తాపీగా. "వీటి తల్లి మందతో సహా వచ్చి మీ వెనకే నిలబడింది."