మేడమ్ పక్కన

సాయంత్రం అయిందంటే చాలు, ఆమె మొగుడు టీవీలో ఇంకో ఆడదాని పక్కన కనిపించేవాడు.

ఆ ఆడది ఆరోగ్యశాఖ డైరెక్టరు. ఊరంతా మేడమ్ అనేది. మహమ్మారి ముదిరిన రోజులవి. ఎంతమందికి జబ్బు సోకిందో, ఆసుపత్రుల్లో ఎన్ని మంచాలు ఖాళీగా ఉన్నాయో మేడమ్ రోజూ మైకు ముందు చెప్పేది. ఆవిడకి అడుగు దూరంలో ఇతను. ఆవిడ ఏమంటే ఇతనూ అదే అనాలి. జీతం ఇచ్చేదే అందుకు.

టీవీ ముందు భార్యకు కడుపు మండిపోయేది. మేడమ్‌ది తెల్ల కోటు, మొగుడిది నల్ల చొక్కా. జంట బాగానే కుదిరింది అనుకుని పళ్లు కొరికేది.

పక్కింటావిడకి మాత్రం మేడమ్ గొంతంటే ప్రాణం. "ఆ గొంతు వింటే సగం జబ్బు అక్కడే పోతుంది" అని కనిపించిన వాళ్లందరితో అనేది. ఆ గొంతులో అంత గొప్పేముందో ఈమెకు ఒక్కనాటికీ అర్థం కాలేదు.

మొగుడు ఇంటికొచ్చి కుర్చీలో కూలబడేవాడు.

"ఆవిడ కోసం రోజంతా మాట్లాడతారు. నా దగ్గరికి వచ్చేసరికి ఓపికుండదు."

"అది నా ఉద్యోగం కదే."

"చెవులు రెండూ ఆవిడకే అప్పగించి నిలబడతారు. నేను చూడట్లేదనుకున్నారా?"

అతను కళ్లు మూసుకునేవాడు. దాంతో దెబ్బలాట అక్కడికి ఆగిపోయేది. ఆమెకు ఇంకా ఒళ్లు మండేది. మాస్కులొచ్చాక ఇరుగుపొరుగుతో ఆ నాలుగు మాటలూ పోయాయి. మాట్లాడుకోవడానికి మిగిలింది ఈ ఒక్క మనిషి. ఆ ఒక్కణ్నీ ఈ టీవీ సవతి ఎగరేసుకుపోయింది.

ఒక సాయంత్రం మేడమ్ టీవీలో ఇంకో మాట చెప్పింది. పెద్దాసుపత్రిలో ఆక్సిజన్‌కి కొదవ లేదు, ఊపిరి ఆడని వాళ్లను వెంటనే తీసుకురండి అంది.

అది అబద్ధమని భార్యకు తెలుసు. మొగుడే చెప్పాడు. ఆక్సిజన్ అయిపోయిందని లోపల మేడమ్‌తో ఇప్పుడే చెప్పారు, విన్నాను, అటు వెళ్లకండి, పక్క ఊరికి వెళ్లండి అన్నాడు.

కాసేపటికి పక్కింటి ముందు కారు ఆగింది. పక్కింటాయనను ఇద్దరు మోసుకొస్తున్నారు. ఆమె పరుగెత్తుకెళ్లి పక్కింటావిడ చేతులు పట్టుకుంది. వద్దు వద్దంది. పక్క ఊరి రోడ్డు చూపించింది.

"మేడమే చెప్పింది కదమ్మా, తప్పుకో" అని పక్కింటావిడ చేతులు విదిలించుకుని కారెక్కింది.

పక్కింటాయన పెద్దాసుపత్రి గేటు దాటలేదు. ఆ గేటు ముందు అలా పోయినవాళ్లు చాలామంది. భార్యతో కలిసి చదువుకున్న వాళ్లలో కొందరికి అప్పటికే జబ్బు పట్టుకుంది. వాళ్లెవరూ అటు వెళ్లలేదు, బతికి బయటపడ్డారు.

పక్కింటావిడ ఏడుస్తుంటే చూసి భార్య కుమిలిపోయింది. చివరికి మనుషుల ప్రాణాల దగ్గర కూడా ఆ మేడమ్ మాటే నెగ్గింది. ఆ కుళ్లు ఆమె మనసులోంచి ఇక పోలేదు.

జబ్బు తగ్గింది. ప్రభుత్వం మారింది. గేటు ముందు చావుల మీద కొత్త శాసనసభ విచారణ సంఘం వేసింది.

"ఆక్సిజన్ లేదని ఆ సాయంత్రం నాకు తెలియదు. తెలిస్తే రమ్మంటానా?" అని మేడమ్ కళ్లు తుడుచుకుంది. సభ్యులు కూడా కరిగిపోయారు. తెలియకపోతే తప్పు లేదు. తప్పు లేకపోతే మేడమ్‌కి ఇంకా పెద్ద పదవి ఖాయమని అప్పుడే చెప్పుకుంటున్నారు.

మొగుణ్ని కూడా పిలిచి, మేడమ్ గదిలో ఏం విన్నావని అడిగారు. గదిలో విన్నది బయటపెట్టడం తన వృత్తిలో తప్పన్నాడు అతను.

"ఆవిడ గుట్టు భలే కాపాడుతున్నారు" అంది భార్య ఇంట్లో.

"ఎవరి గుట్టయినా అంతే."

"అయితే నేను చెబుతాను."

"నువ్వు చెబితే నా ఉద్యోగం పోతుంది."

"పోనివ్వండి. ఆవిడ పక్కన నిలబడే ఉద్యోగమేగా."

ఈసారి అతను కళ్లు మూసుకోలేదు. ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఆమె చెల్లెల్ని తోడు తీసుకుని విచారణ గదికి వెళ్లింది. మేడమ్ ముందు వరుసలో కూర్చుని ఉంది. అక్క చెప్పాలనుకున్నది చెల్లెలే చెప్పింది.

"ఆక్సిజన్ లేదని మేడమ్‌కి ముందే తెలుసండి. గదిలో ఆవిడతో చెబుతుంటే మా బావ విన్నారు."

"ఆయన ఇంటికొచ్చి మీ అక్కతో చెప్పారా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇంట్లో కాదండి. టీవీలోనే చెప్పారు, మేడమ్ పక్కన నిలబడి."

గదిలో నవ్వులు వినిపించాయి. అధ్యక్షుడు విసుక్కుంటూ ఆ సాయంత్రం రికార్డింగు గదిలోని టీవీలో మళ్లీ వేయించాడు. కొదవ లేదు, తీసుకురండి అని మేడమ్ గొంతు గది నిండా మోగింది.

"ఇది పదిసార్లు విన్నాం. ఇందులో మీ బావగారి గొంతు ఎక్కడుందమ్మా?"

మేడమ్ కూడా చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసి భార్య లేచింది. నేరుగా టీవీ దగ్గరికి నడిచింది.

పుట్టినప్పటి నుంచీ తాను టీవీ ఎలా చూస్తోందో వాళ్లూ ఒక్కసారి అలాగే చూడాలని శబ్దం మొత్తం తీసేసి, మేడమ్ పక్కన సైగలు చేస్తున్న మొగుడి చేతుల మీద వేలు పెట్టింది.