చార్మినార్ కాడ కలుద్దాం

"అమ్మా, నీ వాట్సాప్‌కు నా ఫొటో ఎందుకు పెట్టినవ్?" హైదరాబాద్ హాస్టల్ నుంచి తేజస్విని ఫోన్లో అరిచింది.

"నా బిడ్డ ఫొటో నేను పెట్టుకోవద్దా?" వనపర్తిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంది నవనీత.

"గద్వాల సంబంధమోళ్లకు నా నంబరని చెప్పి నీ నంబరు ఇచ్చినవు గదా?"

నవనీత ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

"ఇయ్యకేం జేయాలె? వచ్చిన సంబంధమల్లా చూడకనే వద్దంటివి. ఈ మహిపాల్‌ను మాత్రం నేను పోనియ్య."

"నేను మాట్లాడనే మాట్లాడ. అంత ముచ్చటుంటె నువ్వే మాట్లాడుకో!"

నవనీత అప్పటికే మాట్లాడుతోంది, వారం రోజులుగా, తేజస్విని పేరుతో. పిల్లవాడు బుద్ధిమంతుడు. పొద్దున్నే దేవుడి బొమ్మ పంపుతాడు, ఆదివారాలు సూర్యుడి బొమ్మ.

ఆ సాయంత్రం అటునుంచి వచ్చింది: "చార్మినార్ చూసిన్రా?"

"బస్సు కిటికీలకెళ్లి చూసిన. ఎక్కలె," అని కొట్టింది నవనీత.

"ఈ ఆదివారం కలుద్దామా? పైనుంచి శహరంతా కనపడ్తదట, మూసీ దాకా."

"ఎక్కుదామా మరి?"

అటునుంచి ముందు ఒక దండం బొమ్మ వచ్చింది. తర్వాత, "మోకాళ్లు జర సతాయిస్తున్నయి. కిందనే గాజులు చూద్దాం. బేరం నేనాడుత."

ఇరవై ఎనిమిదేళ్లకే మోకాళ్లా! కంప్యూటర్ ముందర కూర్చొని కూర్చొని, పాపం, అనుకుంది నవనీత. అయినా గాజుల బేరమాడే అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు?

"ఎవరితోని గంత నవ్వుకుంట?" భర్త చంద్రశేఖర్ అడిగాడు.

"అల్లునితోని."

శనివారం కూతుర్ని బతిమాలింది. "ఒక్కసారి వచ్చి కనపడు బిడ్డా. బంగారమసొంటి పిల్లగాడు. నువ్వు రాకుంటె ఈ సంబంధం గూడ పోతది."

"వస్తనన్నది నువ్వు. నువ్వే పో."

ఆదివారం నవనీత ఒక్కతే బస్సు దిగి మూసీ వంతెన దాటింది. ఉన్న నిజం చెప్పేయాలి, పిల్లవాడికి కోపమూ రాకూడదు. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉంది. చార్మినార్ కింద ఒక గాజుల బండి పక్కన నిలబడి, "వచ్చిన. మీరెక్కడ?" అని పంపింది.

పక్కనే గద్వాల చీర కట్టుకున్న ఒకామె సంచిలో ఫోన్ మోగింది. ఆమె తీసి చూసి, జనంలో ఎవరికోసమో వెతికింది. ఆ ఫోన్లో తేజస్విని ఫొటో.

"మీరు... మహిపాల్..." అంది నవనీత.

"వాళ్లమ్మను," ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరి తేజస్విని?"

"నా బిడ్డనే, వదినా!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. గాజులాయన బేరం మరిచి చూస్తుండిపోయాడు.

"మావోడు పిల్లతోని ఒక్క ముక్క మాట్లాడనంటడు. నేనేం జేయాలె?"

"మా పిల్లదీ గదే కథ. మనకైతె కుదిరింది గని, వాళ్లనెట్ల ఒప్పిద్దాం వదినా?" నవనీత దిగులుగా అంది.

ఇద్దరి ఫోన్లూ ఒక్కసారే మోగాయి.

ఒక ఫొటో. చార్మినార్ పైనుంచి తీసింది. ఎక్కడో కింద, గాజుల బండి దగ్గర, ఇద్దరు ఆడవాళ్ల తలలు. ముందర, తలకు తల ఆనించి పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ తేజస్విని, మహిపాల్.

కింద రాసుంది: "మాకు కుదిరి మూడేండ్లాయె. మీకు గూడ కుదిరిందంటె చెప్పున్రి, దిగొస్తం."