మూడో గీత

ముసలాయన గుడారంలోకి తల పెట్టాడో లేదో, పదకొండు కుక్కలూ నాలుగు పిల్లులూ ఒక్కసారిగా గోల ఎత్తుకున్నాయి.

"అయ్యో దేవుడా! తాతగారూ, మీ కోటు నిండా చేపల కంపు. నా బిడ్డలకి పిచ్చెక్కిపోతోంది, కాస్త అవతల నిలబడండి!" అంది ఎదెల్మీరా.

"ముప్పై ఎనిమిదేళ్లు రేవులో చేపలు కోశానమ్మా. ఎన్నిసార్లు ఉతికినా వాసన పోదు," అన్నాడాయన, చేతికర్ర మీద ఆనుకుని.

చిలీ దేశపు రేవు పట్టణం వల్పరైసోలోని ప్లాయా అంచా కొండ మీద ప్రతి ఆదివారం ఎదెల్మీరా గుడారం వేస్తుంది. వీధుల్లో దొరికిన కుక్కల్నీ పిల్లుల్నీ కడిగి, మందులేసి, మంచి ఇల్లు చూసి అప్పగిస్తుంది. నోరు పెద్దదే గానీ మనసు వెన్న.

ముసలాయన నేరుగా చివరి బోను దగ్గరికి వెళ్లాడు. అందులోని గోధుమరంగు కుక్క కమ్మీల మధ్య నుంచి మూతి దూర్చి, ఆయన చెయ్యి నాకుతూ ఒకటే మూలుగు.

"చూశారా, చేప కోసం ఎంత నాటకమో! రెండు వారాలుగా సరిగ్గా ముద్ద ముట్టదు, గోడకేసి తిరిగి కూర్చుంటుంది. ఆస్పత్రి మెట్ల మీద వానలో తడుస్తుంటే నేనే ఎత్తుకొచ్చాను."

"మంచి పని చేశావు తల్లీ," అన్నాడాయన. కుక్క తల నిమిరాడు. "దీన్ని నాకిస్తావా?"

ఎదెల్మీరా కాగితం తీసింది. ఆ కాగితం దగ్గర ఆమె కన్నతల్లిని కూడా వదలదు.

"వయసు?"

"డెబ్బై తొమ్మిది."

"పెరడు?"

"అద్దె గది."

"మెట్లున్నాయా?"

"నూట పన్నెండు."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"రేడియో ఉంది."

ఎదెల్మీరాకు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

"తాతగారూ, కోపం తెచ్చుకోకండి. రేపు మీరు మంచాన పడితే దీనికి ముద్ద పెట్టేదెవరు? మళ్లీ వీధిపాలేగా?"

ఆయన కట్టు కట్టిన కాలి వంక చూసుకున్నాడు.

"అదీ నిజమేలే," అన్నాడు.

అప్పుడే యాస్నా అనే పంతులమ్మ, ఎనిమిదేళ్ల కూతురు రయేన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల గుడారమంతా కలియతిరిగి, ఆ గోధుమరంగు కుక్క ముందే చతికిలబడింది.

"అమ్మా, ఇది ఏడుస్తోంది. నాకిదే కావాలి."

ఎదెల్మీరా నోరు తెరిచేలోగా ముసలాయనే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పెరడుందా?"

"ఉంది. నిమ్మచెట్టు కూడా ఉంది," అంది యాస్నా.

"పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"మా అమ్మ."

"ఎక్కడ పడుకోబెడతారు?"

"నా మంచం మీద!" అంది రయేన్.

యాస్నా నవ్వింది. "ఈయనెవరండీ, ఇక్కడి పెద్దమనిషా?"

"ఈయనా? దారిన పోయే దానయ్య," అంది ఎదెల్మీరా కన్ను గీటుతూ.

ఆయన అదేమీ పట్టించుకోలేదు. కర్ర పక్కన పెట్టి, అవస్థపడుతూ పిల్ల పక్కన కూర్చున్నాడు.

"గ్యాసు బండివాడు సిలిండర్లు టంగుటంగుమని కొడుతూ వస్తాడు చూడు, అప్పుడిది మంచం కింద దూరుతుంది. తిట్టకు. పక్కన కూర్చో, చాలు. రొట్టె సూపులో నానబెట్టి పెట్టు. కుక్కలకి అదే ఇష్టం."

"సరే తాతా," అంది రయేన్ బుద్ధిగా.

ఎదెల్మీరా కాగితం నింపింది. దాని అడుగున సంతకాలకు మూడు గీతలు: తీసుకునేవారు, సాక్షి, ఇన్నాళ్లూ పెంచినవారు. మూడోది ఎప్పుడూ ఖాళీయే. వీధికుక్కను పెంచినవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

యాస్నా సంతకం పెట్టింది.

"తాతగారూ, ఎలాగూ ఇక్కడే ఉన్నారుగా, సాక్షి సంతకం పెట్టి పుణ్యం కట్టుకోండి," అంది ఎదెల్మీరా.

ముసలాయన కాగితాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. చాలాసేపు చదివాడు. సంతకం పెట్టి, నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు. ఈలోగా ఓ పిల్లి బోను తెరుచుకుని పారిపోతుంటే, ఎదెల్మీరా ఆ కాగితాన్ని అలాగే ఫైల్లో కుక్కి పరిగెత్తింది.

నెల తర్వాత ఎదెల్మీరా యాస్నా ఇంటికి తనిఖీకి వెళితే, కుక్క ఒళ్లు చేసింది. నిమ్మచెట్టు కింద వెల్లకిలా పడుకుని ఉంది.

"చేపల తాత శుక్రవారం శుక్రవారం వస్తాడు," అంది రయేన్. "చేప తలకాయలు తెస్తాడు. ఇది ఆయన్ని వీధి మలుపు దాకా దిగబెట్టి, మళ్లీ నా దగ్గరికే వచ్చేస్తుంది."

"పాపం, కుక్కలంటే ఎంత ప్రాణమో," అనుకుంది ఎదెల్మీరా. ఆ రోజు ఆమెకు కడుపు నిండిపోయింది.

చలి తగ్గాక, ఆస్పత్రి మెట్ల మీద ఇంకో కుక్క పడి ఉందని విని తాడు పట్టుకుని వెళ్లింది. కాపలాదారు అడ్డొచ్చాడు.

"అమ్మా, దీన్ని ఎత్తుకెళ్లకండి. దీని యజమాని లోపలున్నాడు. ఆ గోధుమరంగు కుక్కకీ ఇలాగే అయింది. ఆ రోజు నేను సెలవులో ఉన్నాను గానీ, లేకపోతే అప్పుడే చెప్పేవాణ్ణి."

"దానికి యజమాని ఉన్నాడా?"

"లేకేం! కాలు విరిగి నెలన్నర లోపలే ఉన్నాడు. బయటికొచ్చి అడిగితే మీ గుడారానికి వెళ్లమన్నాను. ఇంటికి తెచ్చుకుంటానని ఎంత సంబరంగా వెళ్లాడో! తెచ్చుకున్నాడుగా?"

"అది నాదని ఎవరూ రాలేదే..." అంది ఎదెల్మీరా.

ఒకరి కుక్కను ఎత్తుకొచ్చి ఇంకొకరి చేతిలో పెట్టేసింది! ఆ యజమాని ఆనవాలేదైనా దొరుకుతుందేమోనని ఇంటికి పరిగెత్తి, ఫైల్లోంచి ఆ కుక్క కాగితం లాగి, నాలుగు మడతలూ విప్పింది.

సాక్షి గీత ఖాళీగా ఉంది. దాని కింద, ఎప్పుడూ ఎవరూ ముట్టని మూడో గీత మీద, వంకరటింకర అక్షరాలతో చేపల తాత సంతకం ఉంది.